బిళ్ళ వీపు

ఆ మధ్యాహ్నం డేనియల్ నోరు జారకుండా ఉంటే ఆట ఎప్పటికీ అట్లే సాగిపోయేది.

పలక అంచున ఉన్న బిళ్ళ ఒకటి జారి కింద రాతిపొడిలో బోర్లా పడింది. డేనియల్, సుబ్బరాయుడు ఆడే ఆట చూస్తూ నిలబడ్డ శేషయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"నిదానం శేషన్నా, ఆరు-నాలుగు పడింది ఆడ. తొక్కేవు" అన్నాడు డేనియల్. అని, ఎప్పటిలాగే రోడ్డు మీద పోయే బస్సు వైపు చూపు తిప్పుకున్నాడు.

శేషయ్య బిళ్ళ తీసి తిప్పాడు. ఒక సగంలో ఆరు చుక్కలు, ఇంకో సగంలో నాలుగు. ఆయన నోరు తెరిచి మూశాడు. ఎరువుల అంగడి రాజశేఖర్ మాత్రం మూయలేదు.

"బోర్లా పడింది కదప్పా. నీకెట్ల తెలిసె?"

పడేటప్పుడు కనపడిందని అంటే సరిపోయేది. ఎవరూ రెండో మాట అడిగేవాళ్ళు కాదు. డేనియల్‌కు ఆ మాట తోచలేదు.

"వీపు సూస్తే తెలుస్తాది" అన్నాడు.

సుబ్బరాయుడు చేతిలో ఉన్న బిళ్ళలను పలక మీద పెట్టేశాడు. పెట్టినప్పుడు చప్పుడు గట్టిగా వచ్చింది. ఆయన షెడ్డు అది. ఆ పలక ఉన్నది ఆయన సగం చెక్కి వదిలేసిన నంది వీపు మీద. ఆ బిళ్ళలు చేసింది కూడా ఆయనే. ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా శిల్పుల షెడ్లు ఉంటాయి. అన్నిట్లోనూ కోత మిషన్లు రోజంతా అరుస్తుంటాయి. సుబ్బరాయుడి షెడ్డులో మాత్రం బిళ్ళలు తప్ప ఇంకేమీ చప్పుడు చేయవు. భార్య లీలావతి పోయి ఏడాదిన్నర. అప్పటినుంచి ఆయన ఉలి పట్టలేదు.

రాజశేఖర్ కుప్పలోంచి నాలుగైదు బిళ్ళలు బోర్లా వరస పెట్టాడు. అతనికి ఇదొక తమాషా. "చెప్పు సూద్దాం. ఇది?"

"వద్దులే అన్నా."

"చెప్పప్పా, తినేస్తామా నిన్ను?"

డేనియల్ సుబ్బరాయుడి వైపు చూశాడు. సుబ్బరాయుడు కూడా "చెప్పు" అన్నాడు.

డేనియల్ వేలు ముట్టించకుండా చెప్పాడు. "ఇది మూడు-ఒకటి. దీంట్లో ఎర్రచార మూలకు పోయి చీల్తాది. ఇది జోడు అయిదు. ఇది బోడి-రెండు, దీనికి కొంచెం పచ్చ తిరుగుతాది. అది..." ఆగాడు. "అది చాలులే."

రాజశేఖర్ ఒక్కొక్కటే తిప్పాడు. అన్నీ చెప్పినవే.

శేషయ్య ఒక బిళ్ళను కంటి దగ్గరికి పెట్టుకుని చూశాడు. "నాకు అన్నీ ఒకటే రంగు కనిపిస్తాండాయి."

"నువ్వు సూసేది వేరేలే అన్నా. నేను బేతంచెర్లలో ఆ బండలకే కదా పాలిష్ పట్టింది, మీసం వచ్చినకాడినుంచి. రాయి మిషన్ కిందికి వస్తానే సూస్తాం, యాడ చార ఉందో, యాడ పగులుతాదో. సూడకుంటే చెయ్యి పోతాది. ఇప్పుడు సూడొద్దన్నా కన్ను ఇనదు."

ఆ బిళ్ళలు బేతంచెర్ల పాలిష్ బండ ముక్కలే. అంతకుముందు శేషయ్య కువైట్‌నుంచి తెచ్చిన ప్లాస్టిక్ డామినో బిళ్ళలతో ఆడేవాళ్ళు. అవి అరిగి, చుక్కలు పోయి, రెండు మూడు కనపడకుండా పోతే, లీలావతి ఉన్నప్పుడే సుబ్బరాయుడు బండ ముక్కలు కోసి, అంచులు రుద్ది, చుక్కలు తొలిచి కొత్తవి చేశాడు. వేలెడు పొడుగు, చిటికెన వేలంత మందం. చుక్కలు లేని సగం బోడి. ఆయన నల్లరాతి మనిషి. విగ్రహం రాతిలో చార కనపడితే అది దోషం, ఆ రాయిని బయట పారేస్తారు. బండ అంటే కాళ్ళ కింది రాయి. దాని వీపు మీద ఏముందో ఆయన ఏనాడూ చూడలేదు.

"అయితే ఇన్ని దినాలు మా చేతిలో ఏముండేది నీకు కనపడతానే ఉండె" అన్నాడు సుబ్బరాయుడు.

"అన్నా, నేను..."

"కనపడతానే ఉండెనా, లేదా?"

"కనపడతానే ఉండె."

సుబ్బరాయుడు లేచాడు. మోకాలు పట్టేసింది, నంది కొమ్ము పట్టుకున్నాడు. "మీ వాళ్ళను పక్కన కూసోబెట్టుకుంటే ఇంతే అని మా నాయన చెప్పినాడు. నేనే ఇన్ల్యా."

ఆ మాట అన్నందుకు ఆయన నోరేమీ కాలిపోలేదు. ఎవరి నోరూ కాలిపోదు. శేషయ్య నేల చూశాడు. రాజశేఖర్ ఫోను తీసి ఊరికే వేలితో తోశాడు. డేనియల్ తన ముందున్న బిళ్ళలను ఒక్కొక్కటే బోర్లా పడేసి, దగ్గరికి జరిపి, కుప్పలో కలిపాడు. ఆట ముగిసినప్పుడు ఎప్పుడూ అట్లే చేస్తాడు. చెప్పులు వేసుకున్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బస్సులు ఆగే వైపు నడిచి పోయాడు.

*

మరుసటి రోజు డేనియల్ రాలేదు. నంద్యాలలో కూతురి ఇంటికి పోయినాడని శేషయ్య చెప్పాడు. "పోనీ" అన్నాడు సుబ్బరాయుడు.

ఆటకు శేషయ్య కూర్చున్నాడు. చెరి ఏడు బిళ్ళలు తీసుకుని నిలబెట్టుకోవడం, ఎదుటివాడు పెట్టిన కొసకు సరిపోయే చుక్కలు తన దగ్గర ఉంటే జత కలపడం, లేకపోతే కుప్పలోంచి తీసుకోవడం. ముందు చేతులు ఖాళీ అయినవాడు గెలిచినట్టు. అంతే ఆట. చూసిన పిల్లకాయ కూడా ఆ పూటే ఆడగలడు. ముసలివాడైనా విసుగుపడడు.

సుబ్బరాయుడు ఓడాడు. రెండో ఆట ఓడాడు. మూడో ఆటకు రాజశేఖర్ కూర్చుంటే అతని చేతిలోనూ ఓడాడు.

"చెయ్యి తిరగల్యా ఈ పొద్దు" అన్నాడు.

ఆ మరుసటి రోజు కూడా తిరగలేదు. శేషయ్య మంచి ఆటగాడేం కాదు. బిళ్ళ పెట్టేటప్పుడు నాలుక కొస బయటికి వస్తుంది; ఆ కొసను చూసి అతని దగ్గర ఏముందో చెప్పొచ్చు. అట్లాంటి శేషయ్య గెలిచి, బిళ్ళను పలక మీద ఫట్టున కొట్టి, "కువైట్‌లో ఈజిప్టు మిస్రీ వాళ్ళు ఇట్లే కొడ్తారు. టీ గ్లాసులు ఎగిరిపడ్తాయి. ఈ ఆట మాదే అంటారు వాళ్ళు" అన్నాడు.

"చైనా వాళ్ళదంట" అన్నాడు రాజశేఖర్, ఫోను చూసి. "రెండు పాచికలు వేస్తే పడే చుక్కలన్నీ ఒక్కో బిళ్ళ మీద చెక్కినారంట. బోడి బిళ్ళలు తెల్లోళ్ళు కలుపుకున్నారంట తర్వాత."

"డేనియల్ ఏమో చర్చి సాములు ఆడేవాళ్ళు, గెలిస్తే డామినో అని దేవుని పేరు అనేవాళ్ళు, ఆ పేరే ఆటకు వచ్చిందనె. వాళ్ళ చర్చి అయ్యగారు చెప్పినాడంట" అన్నాడు శేషయ్య.

డేనియల్ పేరు రాగానే సుబ్బరాయుడు బిళ్ళలను కలపడం మొదలుపెట్టాడు.

"యాడ పుట్టిందో ఎవునికి కావాల? ఈడ ఆడుతాండాం. బిళ్ళలు తీయి" అన్నాడు సుబ్బరాయుడు.

మళ్ళీ ఓడాడు.

శేషయ్యకు నవ్వు ఆగలేదు. "ఏందప్పా సుబ్బరాయుడూ, ఏడాదిన్నర నీకు ఎదురు లేకుండె. డేనియల్‌ను ఉతికి ఆరేస్తాంటివి. వాడు పోతానే నీ చేతికి ఏమొచ్చె?"

"వాడు వీపులు సూసి ఆడినాడు కదా" అని రాజశేఖర్ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. "అన్నీ కనపడేటోడు ఓడేదేంది?"

సుబ్బరాయుడి చెయ్యి కుప్ప మీద ఆగింది.

"మీ మీద గెల్చేటోడా వాడు?" అని అడిగాడు.

"నా మీదనా? గెల్చేటోడు, ఓడేటోడు. అందరి మాదిరే" అన్నాడు శేషయ్య. "నీ మీదే... నాకు యాదికి లేదప్పా, వాడు నీ మీద గెల్చింది. నీ చెయ్యి మంచిదనుకుంటిమి."

సుబ్బరాయుడు కూడా అట్లే అనుకున్నాడు. లీలావతిని తీసుకుని దేవుడు తనకు బిళ్ళలాటలో అదృష్టం ఇచ్చినాడని, ఇంత తక్కువకు బేరం చేసినాడని, ఎన్నోసార్లు మనసులో తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే గెలిచాడు. గెలిచిన పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. డేనియల్ ఆట మధ్యలో రోడ్డు వైపు, బస్సుల వైపు, చెట్టు మీది కాకి వైపు చూస్తుంటే, "ఆట మీద ధ్యాసే లేదు నీకు. అందుకే ఓడేది" అని రోజూ గదిమాడు.

పలక మీద ఉన్న బిళ్ళలను సంచిలోకి తోశాడు. "ఇంటికి పోండప్పా" అన్నాడు.

ఇద్దరూ పోయాక కూడా నంది పక్కనే కూర్చున్నాడు. ముందు వచ్చింది కోపమే. తనకు ముష్టి వేసినాడు వాడు. అందరి ముందూ, దినం తప్పకుండా, ముష్టి వేసినాడు. ఆ కోపం సాయంత్రం దాకా బాగానే నిలబడింది. ఇంటికి పోయి పొయ్యి వెలిగించినప్పుడు లీలావతి మాట గుర్తొచ్చింది. ఒకసారి ఆమె సద్ది తెచ్చి ఇచ్చి, కాసేపు ఆట చూసి నవ్వింది. "ఎదుటి మనిషి ఆపిన కాడినుంచి నువ్వు మొదులు పెట్టల్ల. ఇట్లాంటి ఆట నీకెట్ల వచ్చెనయ్యా?"

*

పొద్దున షెడ్డుకు పోయి గోనెసంచి తడిపి నేల మీద పరిచాడు. దాని మీద ఇసుక పోసి చదును చేశాడు. బండ పలచన, గట్టి నేల మీద పెట్టి కొడితే రెండవుతుంది. ఒక బిళ్ళను తీసి చుక్కలు కిందికి, వీపు పైకి పెట్టి, ఇసుకలోకి నొక్కాడు. మేకుకు తగిలించిన సంచిలోంచి సన్న మొన ఉలి తీశాడు. తుప్పు పట్టింది. సానరాయి మీద నీళ్ళు చల్లి మొన తీశాడు.

మొదటి దెబ్బ పక్కకు జారింది. రెండో దెబ్బకు కుదిరింది. సుత్తిని ఎత్తి కొట్టలేదు, బరువు మీద వదిలాడు. టిక్కు టిక్కుమని పాలిష్ లేచిపోయి తెల్లటి గంట్లు పడ్డాయి. చార మీద గంట్లు, పచ్చ మీద గంట్లు. ఒక వీపు నిండేసరికి అది ఏ బండో ఏ మిషనూ చెప్పలేదు, ఏ మనిషీ చెప్పలేడు. రోటికి గంట్లు పెట్టినట్టుగా ఉంది.

పక్క షెడ్డు కుర్రవాళ్ళు కోత మిషన్ ఆపి చూశారు. సుబ్బరాయుడి షెడ్డులోంచి ఉలి చప్పుడు విని చాలా కాలమైంది. "ఏం విగ్రహం తాతా?" అని ఒకడు అరిచాడు. ఆయన తల ఎత్తలేదు.

జోడు ఆరుతో మొదలుపెట్టాడు. దాని మీద గంట్లు దూరంగా పడ్డాయి. చెయ్యి ఇంకా పట్టుకు రాలేదు. తర్వాతవి ఒత్తుగా వచ్చాయి. ఒకసారి మొన విరిగితే మళ్ళీ పదును పెట్టాడు. మధ్యాహ్నం సద్ది తినలేదు. ఆరు-నాలుగు దగ్గరికి వచ్చాక ఆగాడు. దాని వీపు మీద చార వేపపుల్లలా సన్నగా ఉంది. ఇప్పుడు చూస్తే కనపడింది. ఇది జారి కింద పడకుంటే, అనుకున్నాడు. దాన్ని ఉన్న కోపమంతా పెట్టి కొట్టాడు. గంట్లు అన్నీ ఒకే వైపు వాలి పడ్డాయి, గాలికి వాలిన జొన్న మాదిరి. బిళ్ళ మాత్రం పగల్లేదు.

ఆఖరున బోడి-బోడి. చెయ్యి అలిసింది. దాని మీద గంట్లు పైపైన పడ్డాయి. బిళ్ళలన్నీ పొడిగుడ్డతో తుడిచి సంచిలో వేశాడు. కూలి ఇచ్చేవాడు లేని పని. అయినా ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు చేతులకు రాతిపొడి ఉంది.

*

నంద్యాల బస్సు ఎక్కేటప్పుడు అది ఆదివారమని ఆయనకు తట్టలేదు. సంజీవనగర్ గేటు దగ్గర దిగి, అడుక్కుంటూ డేనియల్ కూతురు వందన ఇల్లు కనుక్కునేసరికి తలుపుకు తాళం ఉంది.

"చర్చికి పోయినారు. మధ్యాహ్నం అవుతాది" అంది ఎదురింటామె. "మీరు వాళ్ళకు ఏమవుతారు?"

ఆ మాట విననట్టు ఆయన ఇంటి ముందుకు నడిచాడు. మెట్టు మీద కూర్చున్నాడు. ఎండ మెట్టు మీదికి వచ్చింది. ఆయన జరగలేదు. బిళ్ళల సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు చూశారు. ఇంటి ముందు ముసలాయన ఒకడు సంచితో కూర్చుంటే ఎవరైనా చూస్తారు.

తెల్లచీర కట్టుకుని, బైబిలు చేతిలో పట్టుకుని వందన ముందు వచ్చింది. బడిలో టీచరు. చిన్నప్పుడు షెడ్డుకు వచ్చి రాతి ఏనుగు మీద ఎక్కి దిగేది కాదు. ఆయనను పెద్దనాయనా అని పిలిచేది.

"మీరా" అంది.

ఆయనకు ఆ మాట తగిలింది.

"మీ నాయన యాడ?"

"వెనకాల వస్తాండాడు. ఏం పనిమీద వచ్చినారు? చెప్పి పోండి."

"వానితోనే మాట్లాడల్ల."

"మీరు మాట్లాడిందే సరిపోయింది మా నాయనకు." ఆమె తాళం తీసింది. గొంతు పెంచలేదు. "వచ్చిన నాడు మాతో ఏమీ చెప్పలేదు. శేషయ్యమామ ఫోను చేసి చెప్పినాడు. మా నాయన మీ దగ్గర దొంగ ఆట ఆడినాడంట కదా. ఏం గెల్చుకున్నాడు, చెప్పండి?"

సుబ్బరాయుడు నోరు తెరిచేలోపు డేనియల్ సందు మలుపు తిరిగాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ చేసింది. ఆయనను చూసి నడక తగ్గించాడు. కానీ ఆగలేదు.

"ఎండలో కూసున్నావేందన్నా" అన్నాడు. "పాపా, చాప వెయ్యి."

వందన వేయలేదు. డేనియల్ తనే లోపలికి పోయి చాప తెచ్చి వరండాలో పరిచాడు.

సుబ్బరాయుడికి క్షమించమని అడగడం రాదు. లీలావతిని కూడా ఏనాడూ అడగలేదు. అడగాల్సినవి చాలా ఉండె. సంచి విప్పి బిళ్ళలను చాప మీద గుమ్మరించాడు.

"వీపులు కొట్టినా. సూడు."

డేనియల్ ఒకటి తీసుకుని బొటనవేలితో రుద్దాడు. ఇంకొకటి తీశాడు. ఎండకు తిప్పి చూశాడు. "పాలిష్ అంతా పోయిందే" అన్నాడు, ఎవరో చచ్చినట్టు. తర్వాత కొంచెం నవ్వాడు. "ఇంగ నాకు తెల్దులే అన్నా. ఒక్కటీ తెల్దు."

"ఏడాదిన్నర ఎందుకు ఓడినావు నువ్వు?"

డేనియల్ బిళ్ళలను బోర్లా తిప్పుతూ ఉండిపోయాడు. అన్నీ తిప్పాక చెప్పాడు.

"వదిన పోయినాక నువ్వు వచ్చి ఊరికే కూసుంటాంటివి. టీ పెడితే సల్లారిపోతాండె. ఒక దినం ఆటలో గెల్చినావు. గెల్చి, టీ తాగినావు." బిళ్ళలను రెండు చేతులతో కలపడం మొదలుపెట్టాడు. "అంతేన్నా. ఇంగేమీ ల్యా."

లోపల గిన్నె చప్పుడు ఆగింది.

"నేను అన్న మాట..." అన్నాడు సుబ్బరాయుడు.

"అన్నావులే" అన్నాడు డేనియల్. పోనీలే అనలేదు. "తీసుకో బిళ్ళలు."

చెరి ఏడు తీసుకుని నిలబెట్టుకున్నారు. బిళ్ళల ముఖాలు తమ వైపు, వీపులు ఎదుటివాడి వైపు.

డేనియల్ బిళ్ళల వీపులు ఏడూ సుబ్బరాయుడికి ఎదురుగా ఉన్నాయి. దూరం దూరం గంట్లు పడినది జోడు ఆరు. మొన విరిగి మళ్ళీ పదును పెట్టినాక కొట్టింది రెండు-అయిదు. దాని గంట్లు లోతు. పైపైన గీరుకుపోయింది బోడి-బోడి. ఆ చివర, ఒకే వైపు వాలిపోయి ఉన్నది ఆరు-నాలుగు.

అన్నీ తెలుస్తున్నాయి. ఒక్కో దెబ్బా ఆయన కొట్టిందే. తెరిచి పెట్టిన కాగితం చదివినట్టు ఎదుటివాడి చేతిలో ఏముందో ముందరే ఉంది. ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు. గోడ మీద క్యాలెండరు ఉంది. ఏసుప్రభువు గొర్రెపిల్లను ఎత్తుకుని ఉన్నాడు. గొర్రెపిల్ల కాళ్ళు చూశాడు. చూపు మళ్ళీ తిరిగి వచ్చింది. మళ్ళీ తిప్పుకున్నాడు. చూడకుండా ఉండటం ఇంత పని అని ఆయనకు తెలియదు.

ఆట సాగింది. డేనియల్ ఈసారి బస్సుల వైపు చూడలేదు. బిళ్ళలనే చూశాడు. నొసలు ముడిచి ఆలోచించాడు, వేలితో గెడ్డం గోక్కున్నాడు. ఒకసారి బిళ్ళ లేక కుప్పలోంచి తీసి, పనికొచ్చేది దొరికి, "హా!" అన్నాడు. సుబ్బరాయుడు ఆ అరుపు ముందెన్నడూ వినలేదు. వందన గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

చివరికి చాప మీద వరస ఒక కొసన మూడు, ఒక కొసన ఆరు. వంతు సుబ్బరాయుడిది. ఆయన దగ్గర రెండు బిళ్ళలు: ఆరు-ఒకటి, మూడు-రెండు. డేనియల్ దగ్గర ఒక్కటే మిగిలింది. దాని మీద గంట్లు గాలికి వాలిన జొన్న మాదిరి వాలి ఉన్నాయి.

ఆరు-ఒకటితో ఆరు మూసేస్తే డేనియల్ కుప్పలో చెయ్యి పెట్టాలి. మూయకపోతే ఆట అయిపోతుంది.

సుబ్బరాయుడు గొర్రెపిల్ల వైపు చూస్తూ మూడు-రెండు పెట్టాడు.

డేనియల్ ఆరు-నాలుగును ఎత్తి, శేషయ్య చెప్పే మిస్రీ వాళ్ళ మాదిరి, నేల అదిరేటట్టు కొట్టాడు. "అయిపాయ!" అని కూతురి వైపు తిరిగి నవ్వాడు. అరవై దాటిన మనిషి, పై పన్ను ఒకటి లేదు.

నవ్వుతూనే చెయ్యి చాచి, సుబ్బరాయుడి దగ్గర మిగిలిన బిళ్ళను తిప్పాడు. ఆరు-ఒకటి. నవ్వు నెమ్మదిగా తగ్గింది. తను కొట్టిన ఆరు-నాలుగును వెనక్కి తీసి, బోర్లా పెట్టి, వాలిన గంట్ల మీద బొటనవేలు జరిపాడు. పక్క బిళ్ళ వీపు మీద జరిపాడు. దానివి నిలువుగా ఉన్నాయి. తర్వాత క్యాలెండరు వైపు చూశాడు. ఆట పొడుగునా అన్న చూసింది అటే.

వందన రెండు గ్లాసుల టీ తెచ్చి చాప పక్కన పెట్టింది. "తాగు పెద్దనాయనా, సల్లారిపోతాది" అంది.

సుబ్బరాయుడు గ్లాసు ఎత్తి తాగాడు. డేనియల్ ఆయన తాగేదాకా చూసి, బిళ్ళలన్నిటినీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏందన్నా" అన్నాడు, "ఆట మీద ధ్యాసే లేదు నీకు."